సమస్యాధారిత అభ్యసనం (వైద్య విద్య)

సమస్యాధారిత అభ్యసనం అంటే రోగి సమస్యను ముందు పెట్టుకొని, దాన్ని విప్పడానికి కావలసిన శాస్త్రాన్ని విద్యార్థులే వెతికి చదువుకొనే బోధన పద్ధతి. వైద్య కళాశాలల్లో పీబీఎల్ అనే పొట్టి పేరుతో వాడుకలో ఉంది. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మొదలై, రెండు దశాబ్దాల్లో ఐరోపా, ఆస్ట్రేలియా, అమెరికాలకు పాకింది. విమర్శనాత్మక ఆలోచన, రోగ నిర్ణయం, స్వయంగా చదువుకొనే అలవాటు ఈ మూడింటినీ ఒకే చోట నేర్పాలన్నది దీని ఉద్దేశం.

పూర్వరంగం

వైద్య విద్యార్థి ఎలా చదవాలన్న ప్రశ్న పాతదే. చరక సంహిత విమానస్థానం అధ్యయన విధిని, వైద్యులు తమలో తాము చేసే శాస్త్రచర్చ నియమాలను వివరిస్తుంది. అర్థం తెలియకుండా గ్రంథాలు వల్లించేవాణ్ణి సుశ్రుత సంహిత చందనపు మోపు మోసే గాడిదతో పోల్చింది. రోగిపై కత్తి పెట్టేముందు గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద కోత అభ్యాసం చేయాలని కూడా చెప్పింది. ఆ తర్వాత అనేక శతాబ్దాలు వైద్య విద్య గురువు వెంట తిరగడం, గ్రంథాలు చదవడంగానే సాగింది.

1893లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో విలియం ఆస్లర్ విద్యార్థులను ఉపన్యాస శాల నుంచి వార్డులోకి తెచ్చాడు. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 వైద్య పాఠశాలలపై ఇచ్చిన నివేదిక ప్రయోగశాల శాస్త్రానికి పెద్దపీట వేసింది. దాని ప్రభావంతో మొదటి రెండేళ్లు మూలశాస్త్రాలు, తర్వాత రెండేళ్లు ఆసుపత్రి అనే విభజన స్థిరపడింది. చదివిన శరీరధర్మ శాస్త్రం వార్డులోకి వచ్చేసరికి గుర్తుండదన్న ఫిర్యాదు కూడా దాంతోపాటే పెరిగింది. 1952లో క్లీవ్‌లాండ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ వైద్య కళాశాల సబ్జెక్టుల వారీ బోధనను పక్కనపెట్టి అవయవ వ్యవస్థల వారీగా పాఠ్యక్రమాన్ని కూర్చింది.

మెక్‌మాస్టర్ ప్రయోగం

1965లో ఒంటారియో రాష్ట్రంలోని హామిల్టన్ నగరంలో మెక్‌మాస్టర్ కొత్త వైద్య కళాశాలకు జాన్ ఎవాన్స్ డీన్‌గా నియమితుడయ్యాడు. అప్పటికి అతని వయసు 35 ఏళ్లు. విలియం స్పాల్డింగ్, ఫ్రేజర్ మస్టర్డ్, జేమ్స్ ఆండర్సన్, విలియం వాల్ష్ అతనితో కలిసి పాఠ్యక్రమాన్ని రూపొందించారు. 1969లో 20 మంది విద్యార్థులతో తొలి తరగతి మొదలై, 1972లో పట్టాలు పుచ్చుకొంది. కోర్సు మూడేళ్లే. ఉపన్యాసాలు తక్కువ, తొలి రోజుల్లో సంప్రదాయ పరీక్షలు లేవు. పాత పాఠ్యక్రమానికి మరమ్మతులు చేయకుండా తొలి అడుగు నుంచే కొత్త దారి పట్టడం సాహసోపేతమైన నిర్ణయం.

ఈ పద్ధతిలో ఐదారుగురు విద్యార్థులు, ఒక ట్యూటర్ కలిసి కూర్చొంటారు. ముందుగా చేతికి వచ్చేది ఒక రోగి వృత్తాంతం మాత్రమే. ఉదాహరణకు, ఆయాసం, కాళ్ల వాపులతో వచ్చిన మనిషి. లోపం గుండెదా, మూత్రపిండాలదా, కాలేయానిదా? ఒక్కొక్క ఊహకు ఏ ఆధారం కావాలో విద్యార్థులు చర్చిస్తారు. తమకు తెలియనివి రాసుకొని పంచుకొంటారు. చదువుకొని వచ్చి తర్వాతి సమావేశంలో ఊహలను సరిచూస్తారు. ట్యూటర్ పాఠం చెప్పడు, ‘అలా ఎందుకు అనుకొంటున్నారు?’ అని అడుగుతాడు.

ఈ పద్ధతికి సిద్ధాంత రూపం ఇచ్చినవాడు నాడీ వైద్యుడు హోవర్డ్ బారోస్. అతను 1963లోనే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, రోగిగా నటించేలా శిక్షణ పొందిన వ్యక్తులతో విద్యార్థులను పరీక్షించే విధానాన్ని ప్రవేశపెట్టాడు. 1970ల ఆరంభంలో మెక్‌మాస్టర్‌లో చేరాడు. 1980లో రాబిన్ టాంబ్లిన్‌తో కలిసి ఈ పద్ధతిపై రాసిన పుస్తకం చాలాకాలం ప్రామాణిక గ్రంథంగా నిలిచింది. మెక్‌మాస్టర్‌లోనే 1967లో డేవిడ్ సాకెట్ క్లినికల్ ఎపిడెమియాలజీ విభాగాన్ని నెలకొల్పాడు. పరిశోధన పత్రాన్ని నిలదీసి చదివే అలవాటు అక్కడే పెరిగింది. 1990ల ఆరంభంలో గోర్డన్ గయట్ బృందం ప్రచారంలోకి తెచ్చిన ఆధారసహిత వైద్యానికి అది పునాది అయింది.

వ్యాప్తి

1974లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ వైద్య కళాశాల ఈ పద్ధతిని స్వీకరించి, చర్చను ఏడు మెట్లుగా క్రమబద్ధం చేసింది: పదాలు తేల్చుకోవడం, సమస్యను నిర్వచించడం, ఊహలు చెప్పడం, వాటిని పేర్చడం, చదవాల్సినవి నిర్ణయించడం, చదవడం, తిరిగి కలిసి సమన్వయించడం. 1978లో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్, 1979లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయాలు ఈ బాట పట్టాయి. 1985లో డేనియల్ టాస్టెసన్ డీన్‌గా ఉండగా హార్వర్డ్ ‘న్యూ పాత్‌వే’ను ప్రారంభించడంతో పద్ధతికి ప్రతిష్ఠ పెరిగింది.

నర్సింగ్ విద్యలో రోగి సమస్యను క్రమపద్ధతిలో ఆలోచించడం వేరే దారిలో ఎదిగింది. 1967లో యూరా, వాల్ష్ (పైన చెప్పిన వాల్ష్ కాదు) రాసిన గ్రంథం నర్సింగ్ ప్రక్రియను దశలుగా విడదీసింది. 2023 ఏప్రిల్ నుంచి అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్, రోగి కేసుల ద్వారా క్లినికల్ నిర్ణయ శక్తిని కొలిచేలా మారింది.

పరిశోధన, విమర్శ

1978లో ఎల్‌స్టీన్, షుల్మన్, స్ప్రాఫ్కాల అధ్యయనం ఒక ప్రధాన నమ్మకాన్ని సవాలు చేసింది. వైద్యులు మొదటి కొద్ది నిమిషాల్లోనే ఊహలు కట్టుకొంటారు. అయితే ఒక కేసును చక్కగా విప్పినవారు మరో కేసులో తడబడవచ్చు. అంటే సమస్యా పరిష్కారం అన్ని చోట్లా ఒకేలా పనిచేసే విడి నైపుణ్యం కాదు, విషయ జ్ఞానంతో ముడిపడినది. 1993లో వెలువడిన రెండు సమీక్షలు పీబీఎల్ విద్యార్థులు చదువుతో ఎక్కువ తృప్తిగా ఉంటారని, క్లినికల్ పనిలో సమానంగానో కాస్త మెరుగ్గానో ఉంటారని, మూలశాస్త్ర పరీక్షల్లో కొన్నిసార్లు వెనకబడతారని తేల్చాయి. 2006లో కిర్షనర్, స్వెల్లర్, క్లార్క్ తగిన మార్గదర్శనం లేని బోధన కొత్తవారికి భారమని వాదించారు. మెక్‌మాస్టర్ కూడా 1990లలో విద్యార్థుల విషయ జ్ఞానాన్ని క్రమం తప్పక కొలిచే ప్రగతి పరీక్షను ప్రవేశపెట్టింది.

చదివే తీరుపై పరిశోధన కూడా తరచూ పరీక్షించుకోవడమే మేలని చూపింది. 2013లో డన్లాస్కీ బృందం పది పద్ధతులను సమీక్షించి, స్వయంపరీక్షకు, వ్యవధి ఇచ్చి మళ్లీ చదవడానికి అగ్రస్థానం ఇచ్చింది. పుస్తకంలో గీతలు గీయడం, అదే పేజీని పదేపదే చదవడం అట్టడుగున నిలిచాయి.

భారతదేశంలో

దేశంలో ఈ ఆలోచన ఆలస్యంగా నియమావళిలోకి వచ్చింది. 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో సామర్థ్యాధారిత పాఠ్యక్రమం అమలవుతోంది. ప్రారంభంలో ఫౌండేషన్ కోర్సు, మొదటి ఏడాదిలోనే రోగులతో పరిచయం, స్వయం అభ్యసనానికి కేటాయించిన గంటలు అందులో భాగం. పట్టభద్రుడికి నిర్దేశించిన ఐదు పాత్రల్లో ‘జీవితాంత అభ్యాసి’ ఒకటి. విజయవాడ ఎన్టీఆర్, వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాల పరిధిలోని వైద్య కళాశాలలకూ ఇదే వర్తిస్తుంది. పూర్తిస్థాయి పీబీఎల్‌కు చిన్న బృందాలు, వాటికి తగినంత మంది ట్యూటర్లు అవసరం. ఒక్కో బ్యాచ్‌లో 150 నుంచి 250 మంది ఉండే కళాశాలల్లో అది కష్టం కాబట్టి, ఇక్కడ ఉపన్యాసాలకు తోడుగా కేసు చర్చలు చేర్చే మిశ్రమ విధానమే ఎక్కువగా కనిపిస్తుంది.