చావు ఎంజైముల పుట్టుక
కుళ్లే ఆకుల మధ్య బాక్టీరియా తిని బతికే ఒక పురుగు ఉంది. పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. పొడవు ఒక మిల్లీమీటరు, ఒళ్లంతా పారదర్శకం. ద్విలింగి పురుగు ఎదిగేలోపు 1,090 శరీర కణాలు పుడితే, వాటిలో 131 చనిపోతాయి. ఏ పురుగులో చూసినా అవే కణాలు, దాదాపు అదే వేళకి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో జాన్ సల్స్టన్ 1970లలో మొదలుపెట్టి, మైక్రోస్కోపు ముందు గంటల తరబడి కూర్చుని, ఏ కణం చీలిందో ఏది మాయమైందో బొమ్మలు గీస్తూ సహచరులతో కలిసి రాబట్టిన లెక్క ఇది. జీవశాస్త్రంలో ఇంత ఓపికగా సాగిన పనులు అరుదు.

కణాలు తమంతట తామే చనిపోతాయని అప్పటికే తెలుసు. దెబ్బతిన్న కణం ఉబ్బి పగులుతుంది. తనంతట తాను పోయే కణం ముడుచుకుని, తునకలై, పక్క కణాల నోట్లోకి వెళుతుంది. 1972లో కెర్, వైలీ, కరీ దీనికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. దాన్ని నడిపించేది ఏమిటో మాత్రం అంతుచిక్కలేదు.

ఆ గుట్టు విప్పింది పురుగే. సెడ్-3, సెడ్-4 అనే జన్యువుల్లో ఏ ఒక్కటి చెడినా చావాల్సిన కణాలు బతికిపోతాయని 1986లో అమెరికాలో హిలరీ ఎల్లిస్, రాబర్ట్ హార్విట్జ్ చూపారు. 1993లో జున్‌యింగ్ యువాన్, హార్విట్జ్ తదితరులు సెడ్-3 ప్రోటీన్ అమరికను చదివితే, అంతకు ముందు ఏడాదే మనిషిలో గుర్తించిన ఒక ప్రోటియేజ్‌తో, అంటే ప్రోటీన్లను కోసే ఎంజైముతో, పోలిక కనబడింది. ఆ ప్రోటియేజ్ ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను కోసి, జ్వరమూ వాపూ పుట్టించే రూపానికి తెస్తుంది. పురుగులో కణం చావుకీ మనిషి జ్వరానికీ ఏమిటీ చుట్టరికం?

మనిషిలో అలాంటివే మరికొన్ని బయటపడ్డాక, 1996లో అన్నిటికీ కలిపి కాస్పేజ్‌లని పేరు పెట్టారు. పేగులోని ట్రిప్సిన్ ప్రోటీన్లను జీర్ణం చేసి వదులుతుంది. కాస్పేజ్ మాత్రం ఆస్పార్టిక్ ఆమ్లం దగ్గర, ఎంచుకున్న చోటే కోస్తుంది. నన్ను ఆశ్చర్యపరిచేది ఆ పొదుపే.

ఈ ఎంజైములు బతికున్న కణంలోనే నిద్రాణంగా ఉంటాయి. మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటికొస్తే అవి మేల్కొంటాయని షియావ్‌డాంగ్ వాంగ్ బృందం 1996లో కనిపెట్టింది. అది అపాఫ్-1 అనే ప్రోటీన్‌ను చక్రంలా కూడగడుతుంది. సెడ్-4కి మన ఒంట్లో జోడీ ఇదే. ఆ చక్రం మీద కాస్పేజ్-9 మేల్కొని కాస్పేజ్-3ని కోసి లేపుతుంది. ఇక ఆగదు. కేంద్రకానికి ఊతమిచ్చే లామిన్లు తెగుతాయి. డీఎన్ఏను తుంచే ఎంజైముకు కాపలా కాసే ప్రోటీన్ కూడా తెగుతుంది, దాంతో డీఎన్ఏ ముక్కలవుతుంది. కణపొర లోపలివైపు ఉండాల్సిన ఒక కొవ్వు పదార్థం బయటికి తేలుతుంది, మాక్రోఫేజ్‌లు దాన్ని గుర్తుపట్టి కణాన్ని మింగేస్తాయి. చంపడమే కాదు, శవాన్ని ఎత్తించే ఏర్పాటూ ఈ కోతల్లోనే ఉంది.

ఇది అడ్డం తిరిగితే ఎంత నష్టమో ఎలుకలు చెప్పాయి. కాస్పేజ్-3 లేకుండా పుట్టించిన ఎలుకల మెదడులో అక్కరలేని కణాలు పోగుపడ్డాయి, ఆ ఎలుకలు కొన్ని వారాలకే చనిపోయాయి. కొన్ని రక్త క్యాన్సర్లలో కాస్పేజ్‌లు ఉన్నా, బీసీఎల్-2 ప్రోటీన్ వాటి దాకా కబురు పోనివ్వదు. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే వెనెటోక్లాక్స్ అనే మందు 2016లో అమెరికాలో అనుమతి పొందింది.

ఈ పురుగు మీద చేసిన పనికి 2002లో సిడ్నీ బ్రెన్నర్, హార్విట్జ్, సల్స్టన్‌లకు నోబెల్ వచ్చింది. జ్వరంతో చుట్టరికం సంగతి తేలడానికి ఇంకో పదమూడేళ్లు పట్టింది. 1992 నాటి ఆ ప్రోటియేజ్, ఇప్పటి కాస్పేజ్-1, గ్యాస్‌డెర్మిన్-డి అనే ప్రోటీన్‌నూ కోస్తుందని 2015లో చైనా, అమెరికా ప్రయోగశాలలు చూపాయి. తెగిన ముక్కలు కణపొరకు రంధ్రాలు పొడుస్తాయి. ఇంటర్‌ల్యూకిన్ ఆ దారినే బయటపడుతుంది, కణం ఉబ్బి పగిలిపోతుంది.