కల్లపు మేర, అంగడి ధర్మాదా

హైదరాబాదులో మలకపేట దాటి విజయవాడ బాట పట్టినవారికి మొదట దిల్‌సుఖ్‌నగరము, పిమ్మట కొత్తపేట, ఆ తరువాత లాల్ బహద్దూర్ శాస్త్రి పేరిట వెలసిన ఎల్.బి. నగరము కనుపట్టును. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అను భూస్వామి తన సాగుభూములను ఇండ్లస్థలములుగా విభజించి విక్రయింపగా ఏర్పడిన దిల్‌సుఖ్‌నగరమున నేడు నాగటిచాలు జాడయైనను మిగులలేదు. కాని నాగలి నడచిన కాలమున తెలుగునాటి కల్లములయందు పాటింపబడిన ఒక ఆచారము ఈ పేటవారికి నేటికిని స్మరణీయమైయున్నది. ధాన్యరాశి ఇల్లు చేరకమునుపే రైతు కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి వారివారి మేర, అనగా ధాన్యపు వాటా, కొలిచి యిచ్చెడివాడు. పుండు కోసి కట్టుకట్టు మంగలియు, మంత్రసానియై పురుడు పోయు అతని ఇల్లాలును ఆనాటి పల్లెకు వైద్యసేవకులే. కులభేదము వారి గౌరవమును తగ్గించినను, మేర మాత్రము భిక్షగా గాక హక్కుగా వారికి చెల్లుచుండెను.

సేవ చేయువానికి జీవిక చెల్లవలెనను ఈ భావమును శిలాక్షరములలో నిలిపినది 1261 నాటి మల్కాపుర శాసనము. కాకతి రుద్రమదేవి కాలమున విశ్వేశ్వర శివాచార్యులు కృష్ణాతీరమందలి మందడమున నెలకొల్పిన ధర్మములలో విద్యాలయముతోబాటు ప్రసూతిశాలయు, ఆరోగ్యశాలయు నుండెను. రోగికి మందు చాలునని దాతలు ఊరకుండక, వైద్యుని జీవికకు కూడ ఏర్పాటు చేసిరి.

కల్లమున మేర యెట్టిదో అంగడిలో ధర్మాదా యట్టిది. పెక్కండ్రను పేర వర్తకశ్రేణులు తాము అమ్మిన సరకులపై కొంత సొమ్మును దేవాలయములకు సమర్పించినట్లు కాకతీయ యుగపు శాసనములు తెలుపుచున్నవి. పిదపకాలపు వ్యాపారులు పద్దుపుస్తకములలో ధర్మాదా అని ప్రత్యేకముగా వ్రాసికొనిన సొమ్ము వర్తకుని ఆదాయము కాదనియు, ధర్మమునకే చెందుననియు సుప్రీంకోర్టు కూడ అంగీకరించినది. ఆ సొమ్ము సత్రములై, చలివేంద్రములై, ధర్మాసుపత్రులై ఫలించినది. కాని ఆసుపత్రిలో రేయింబవళ్లు నిలుచు నర్సు పేర ఖాతా తెరువవలెనను తలంపు అరుదుగానే కలిగినది. లండనులో 1887లో హెన్రీ బర్డెట్ అను నతడు బాంకర్లను ఒప్పించి, వారి విరాళములతో నర్సుల వృద్ధాప్యమునకై పింఛనునిధిని నెలకొల్పుట ఈ విషయమున గొప్ప ముందడుగు.

ఇక దిల్‌సుఖ్‌నగరమునకు చేరువనున్న మన గడ్డిఅన్నారమును చూడుడు. 1986లో జాంబాగు నుండి వచ్చిన పండ్ల మార్కెట్టు ఇచట 22 ఎకరములలో మూడున్నర దశాబ్దములు సాగినది. బత్తాయిల లారీలు, మామిడిరాశులు, ఆడ్తిదారుల వేలముపాటలు, హమాలీల కేకలు ఈ నేలకు నిత్యశోభగా నుండెను. 2021లో మార్కెట్టు బాటసింగారమునకు తరలగా, 2022 ఏప్రిల్ 26న అదే స్థలమున వేయిపడకల ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. ఫలములు తూచిన నేలపై ప్రాణములు నిలుపు ఆలయము వెలయుట కంటె అంగడికి ఉత్తమగతి యేమున్నది?

ఈ పేట వైద్యసేవకులకు పడిన ఋణము చిన్నది గాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలము దిల్‌సుఖ్‌నగరమున బాంబులు ప్రేలినప్పుడు, క్షతగాత్రులను సమీపపు ఆసుపత్రులలోను, ఉస్మానియాలోను ఆదుకొనినది వారి చేతులే. 2020లో కరోనా వచ్చినప్పుడు సేవలో మరణించిన వైద్యసిబ్బంది కుటుంబములకు కేంద్రప్రభుత్వము 50 లక్షల రూపాయల బీమా ప్రకటించినది. కంపెనీల చట్టము ప్రకారము పెద్ద సంస్థలు లాభములలో 2 శాతము వెచ్చింపవలసిన సామాజిక బాధ్యతా నిధులను కరోనా సహాయమునకు వాడవచ్చునని మార్చి 23న అనుమతియు వచ్చినది. ఇవి మెచ్చదగిన పనులే. అయినను బీమా మరణానంతరము పలుకును. మేర బ్రతికియున్నవానికి, పని సాగుచుండగానే చెల్లవలసినది.

కావున దిల్‌సుఖ్‌నగరపు బట్టలకొట్లును, బంగారు దుకాణములును, బాటసింగారమునకు తరలిన ఆడ్తిదారులును ధర్మాదా పద్దులో మరియొక వరుస చేర్చుట ఉచితమని నా విన్నపము. రాత్రి విధి ముగించిన నర్సుకు వేడి భోజనము, విశ్రమించుటకొక శుభ్రమైన గది, ఆమె పసిబిడ్డకు సంరక్షణ, మనసు కుంగినవారికి ఆదరముతో వినునట్టి సలహాదారు: ఆ వరుసలో వ్రాయదగినవి ఇవియే. రాశి ఇల్లు చేరకమునుపే కొలిచిన ఆనాటి మేర వలె, లాభము పెట్టె చేరకమునుపే ఈ సొమ్ము వేరుపరుపబడుగాక.