మూడు కుర్చీలు, ఒక తలుపు

మా వైపు గోడ కట్టే మనిషిని తాపీ మేస్త్రీ అంటాం. 'మేస్త్రీ' అనేది పోర్చుగీసు వాళ్లు వదిలిపోయిన 'మెస్త్రె' అన్న మాట. ఇంగ్లీషు 'మాస్టర్' కూడా అదే లాటిన్ మాటలోంచి పుట్టింది. చిక్కసూగూరులో తాపీ పట్టుకున్న మనిషికీ, ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వాళ్ల లండన్ లాడ్జిలో, అంటే శాఖలో, తూర్పు దిక్కున కూర్చునే అధ్యక్షుడికీ అసలు బిరుదు ఒక్కటే. ఆ బిరుదు సముద్రం దాటి మన గడ్డ మీదికి ఎలా వచ్చిందో, వచ్చాక ఎవరి చేతుల్లో పడిందో చెప్పాలని ఈ కథ.

చిక్కసూగూరు రాయచూరుకు ఉత్తరాన, కృష్ణ ఒడ్డుకు పోయే దారిలో ఉంది. కన్నడంలో చిక్క అంటే చిన్న. పెద్దపేరు పక్కనున్న దేవసూగూరుది. 1956 దాకా ఈ సీమ హైదరాబాదు రాజ్యంలోది. మధ్యలో 1853లో నిజాం బాకీల కింద రాయచూరు దోఆబును ఇంగ్లీషు వాళ్లు తమ ఏలుబడిలోకి తీసుకుని, 1860లో తిరిగి ఇచ్చారు. 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన రైలు పట్టా, మద్రాసు వైపు నుంచి వచ్చిన పట్టా రాయచూరులో కలిశాయి. దొరలు కాపురం పెట్టిన చోట పటాలం, చర్చి, క్లబ్బు వెలిసేవి. వాటి వెంబడే లాడ్జి. మన రాజ్యంలో వాళ్ల పెద్ద మకాం సికింద్రాబాదు. అక్కడి సెయింట్ జాన్స్ లాడ్జి 1822 నాటిది.

లాడ్జి పుట్టే పద్ధతి తెలిస్తే తప్ప ఈ కథలో పట్టు దొరకదు. నలుగురు స్నేహితులు కూడి తలుపేసుకుంటే అది లాడ్జి కాదు. లాడ్జీలకు పైనుండే ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి నిబంధన ప్రకారం, అప్పటికే మాస్టర్ మేసన్ అంతస్తు అందుకున్న ఏడుగురు కలిసి అర్జీ పెట్టాలి. ఎవరు మాస్టరో, ఎవరు సీనియర్ వార్డెనో, ఎవరు జూనియర్ వార్డెనో అర్జీలోనే పేర్లు రాయాలి. గ్రాండ్ మాస్టర్ ముద్రతో వచ్చే అనుమతి పత్రాన్ని వారంట్ అంటారు. ఆ ముగ్గురి పేర్లూ దాని మీద ఉంటాయి. అది చేతికొచ్చాక ధాన్యం, ద్రాక్షసారాయి, నూనె పెట్టి ప్రతిష్ఠ చేస్తారు. మన గృహప్రవేశంలో పాలు పొంగించినట్టే అనుకోండి. మాస్టర్ తూర్పున, సీనియర్ వార్డెన్ పడమట, జూనియర్ వార్డెన్ దక్షిణాన కూర్చుంటారు. మాస్టర్ మెడలో మూలమట్టం, రెండోవాడికి మట్టం చూసే పనిముట్టు, మూడోవాడికి తూకపు గుండు. అన్నీ మన మేస్త్రీ సంచిలో ఉండేవే. కోశాధికారి, కార్యదర్శి, డీకన్లు ఆ తర్వాత వస్తారు. గుమ్మం బయట కత్తి పట్టుకుని నిలబడేవాడు టైలర్.

ఆ టైలర్ ఎవరిని లోపలికి పంపాలో నిర్ణయించేది లోపలివాళ్లు. మొదటి రోజు లోపల ఉండేది ఆ స్థాపకులే. కొత్తవాణ్ణి ప్రతిపాదించేదీ, రహస్య ఓటులో నల్లగోళీ వేసి ఆపేదీ వాళ్లే. లాడ్జి స్వభావమంతా ఆ తొలి కుర్చీల్లోనే నిర్ణయమైపోతుందని నేను నమ్ముతాను.

మొట్టమొదటి కుర్చీల సంగతే చూడండి. 1738లో జేమ్స్ అండర్సన్ రాసిన మేసన్ల చరిత్ర ప్రకారం, 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి తొలి గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నాయి. గ్రాండ్ మాస్టర్‌గా ఎన్నికైనవాడు ఆంథోనీ సేయర్. వార్డెన్లు ఇద్దరు: కెప్టెన్ జోసెఫ్ ఇలియట్, జేకబ్ లాంబాల్. ఈ లాంబాల్ వడ్రంగి. ఆ వరసలో నాకు అందరికంటే ఇష్టమైన పేరు ఇతనిదే. సైనికాధికారి పక్కన చెయ్యి కాయలు కాచిన పనివాడు సమానమైన కుర్చీలో కూర్చున్నాడు. ఈ సంఘం చెప్పుకునే సోదరభావానికి అంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి?

ఓడ ఎక్కి ఇండియాకు వచ్చేసరికి ఆ వరసలో వడ్రంగి జాడ లేదు. 1728లో జార్జి పామ్‌ఫ్రెట్‌కు, మరుసటి ఏడు కెప్టెన్ రాల్ఫ్ ఫార్వింటర్‌కు బెంగాలు బాధ్యత అప్పగించారు. 1730 నాటికి కలకత్తాలో లాడ్జి నడుస్తోంది. మద్రాసుకు 1752లో, బొంబాయికి 1758లో వచ్చింది. పటాలాలు వారంటును పెట్టెలో పెట్టుకుని ఊరూరా తిరిగేవి. డేరా వేసిన చోటే లాడ్జి. కుర్చీల్లో కెప్టెన్లు, డాక్టర్లు, కంపెనీ గుమాస్తాలు. మనవాళ్లు బయట.

ఒక్క మినహాయింపు ఉంది. 1775లో తిరుచిరాపల్లిలో డాక్టర్ టెరెన్స్ గహగన్ అనే ఆయన ఆర్కాటు నవాబు పెద్దకొడుకు ఉమ్దతుల్ ఉమరాకు దీక్ష ఇచ్చాడు.  ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి పొంగిపోయి బంగారు జరీ కుట్టిన నీలిరంగు ఏప్రన్ కానుకగా పంపింది. అయితే కాబోయే నవాబుకు తలుపు తియ్యడం వేరు, మామూలు మనిషికి తియ్యడం వేరు.

ఆ రెండో పని చెయ్యడానికి ఇంకో డెబ్బయ్యేళ్లు పట్టింది. బొంబాయి పార్సీ మానక్‌జీ కర్సెట్‌జీ ఫ్రీమేసన్ కావాలనుకున్నాడు. స్వంత ఊళ్లో తలుపు తియ్యలేదు. ఆయన పారిస్ వెళ్లి అక్కడి లాడ్జిలో దీక్ష తీసుకుని తిరిగొచ్చాడు. దీక్ష ఉన్నా బొంబాయిలో కూర్చోనివ్వలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. సోదరుడివే గానీ గడప దాటొద్దు అంటే ఎలా?

అప్పుడు ముందుకొచ్చినవాడు డాక్టర్ జేమ్స్ బర్న్స్. స్కాట్లండులోని మాంట్రోజ్‌వాడు, కంపెనీ వైద్యుడు. కాబూల్‌లో 1841లో హతుడైన అలెగ్జాండర్ బర్న్స్‌కు అన్న. స్కాట్లండు గ్రాండ్ లాడ్జి తరఫున పశ్చిమ భారతానికి 1836 నుంచి ఈయనే పెద్ద. ఉన్న లాడ్జీల తలుపులు తట్టి తట్టి బతిమాలుతూ కూర్చోలేదు. ఇండియా వాళ్ల కోసమే కొత్త లాడ్జి పెట్టాడు: 'రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా', 1843. మానక్‌జీకి అందులో చోటు దొరికింది. ఆ సందర్భానికి గుర్తుగా పతకం కూడా పోత పోయించారు. తమ్ముణ్ణి ఆసియావాళ్లు చంపిన రెండేళ్లకే ఆసియావాళ్లకు తలుపు తీసిన మనిషి బర్న్స్. మొదటి కుర్చీలో ఎవరున్నారన్నది ఎంత తేడా తెస్తుందో ఇక్కడ కనబడుతుంది. తర్వాత 1863లో మానక్‌జీ బొంబాయిలో ఆడపిల్లలకు అలెగ్జాండ్రా బడి పెట్టాడు. తన ముందు మూసుకున్న తలుపును ఆయన మరచిపోలేదని నా నమ్మకం.

బెంగాలులో పోరు ఇంకా పొడుగు. ప్రసన్నకుమార్ దత్ 1863లో అడిగితే, 'యాంకర్ అండ్ హోప్' లాడ్జి తలుపు ఆయనకు 1872లో తెరుచుకుంది. తొమ్మిదేళ్లు. 1884లో అదే లాడ్జిలో నరేంద్రనాథ్ దత్తా అనే ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు దీక్ష తీసుకున్నాడు. వివేకానందుడు ఆయనే.

ఆ 1872లోనే హైదరాబాదులో గోషామహల్ బారాదరీని మేసన్లకు అప్పగించారు. 1682లో తానీషా కట్టించిన మేడ అది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అప్పటికి పసివాడు, రాజ్యం నడిపేది సాలార్‌జంగ్. మేసన్లకు ఇప్పటికీ అదే నెలవు. 1961 నవంబరు 24న ఢిల్లీలో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. తొలి గ్రాండ్ మాస్టర్‌గా రాంపూరు నవాబు రజా అలీఖాన్ కూర్చున్నాడు. వారంటు కోసం లండన్‌కో ఎడింబరోకో రాసుకునే పని అప్పటితో తీరింది.

అన్నీ దక్కినా, 1717 నాటి ఆ వడ్రంగి కుర్చీ మాత్రం మన పనివాళ్ల దాకా రాలేదు. మూలమట్టం మెడలో ఆభరణమైంది, దాన్ని రోజూ పట్టుకునే చెయ్యి గుమ్మం బయటే ఉండిపోయింది. మేసన్ల చరిత్ర రాసేవాళ్లు బర్న్స్‌ను తలుచుకున్నంత గట్టిగా లాంబాల్‌నూ తలుచుకోవాలని నా మనవి.