పొగాకు గోష్ఠి: హోగార్త్ చెక్కిన ఒక రాత్రి

అమెరికా ఖండంలో పుట్టిన పొగాకు 16వ శతాబ్దంలో ఐరోపాకు చేరినది. మొదట దానిని ఔషధముగా భావించారు. పిమ్మట అది నలుగురు కూడిన చోట కాలక్షేపమైనది. 1604లో ఇంగ్లాండు రాజు మొదటి జేమ్స్ దానిని ఖండిస్తూ స్వయంగా ఒక పుస్తకం వ్రాశాడు. 1633లో ఉస్మానీ సుల్తాన్ నాల్గవ మురాద్ కాఫీ ఇళ్ళను మూయించి, పొగాకును నిషేధించి, కఠిన దండనలు విధించాడు. అయినను ఆ అలవాటు ఆగలేదు. ఇస్తాంబూలు పండితుడు కాతిబ్ చెలెబీ 1656 నాటి తన గ్రంథంలో నిషేధాలు ఫలించలేదని స్పష్టంగా వ్రాశాడు.

రాజశాసనం చేయలేని పనిని చిత్రం చేయగలదా? ఈ ప్రశ్నకు లండను చిత్రకారుడు విలియం హోగార్త్ (1697–1764) చరిత్రలో సమాధానం దొరుకుతుంది.

1733లో ఆయన రాగి రేకుపై చెక్కి ముద్రించిన చిత్రం పేరు 'అర్ధరాత్రి ఆధునిక సంభాషణ'. బల్ల చుట్టూ పదకొండుగురు పురుషులు. నడుమ పెద్ద మద్యపాత్ర. చేతుల్లో పొడవాటి మట్టి పైపులు. గడియారం తెల్లవారుజాము నాలుగు గంటల ప్రాంతాన్ని చూపుతున్నది. మద్యపాత్ర దగ్గర ఒక మతగురువు కూర్చున్నాడు. జేబులో వార్తాపత్రికలున్న మరొకడు పైపు అంటించుకొనబోయి తన చొక్కా చేతి కుచ్చులకే నిప్పు పెట్టుకుంటున్నాడు. ఒకడు నేలకూలాడు. పేరు సంభాషణే గాని, ఒకరి మాట ఒకరు వినే స్థితిలో లేరు. తాను ఏ వ్యక్తినీ ఉద్దేశించలేదని హోగార్త్ చిత్రం అడుగున పద్యంలో చెప్పుకున్నాడు.

తైలవర్ణ చిత్రం ఒకరి గోడకే పరిమితం. రాగి రేకు నుండి వందల ప్రతులు తీయవచ్చును. కనుకనే ఈ చిత్రం దూరదూరాలకు వ్యాపించినది. అనుమతి లేని నకళ్ళూ వెలువడినవి. ఇటువంటి చౌర్యాన్ని అరికట్టుటకు హోగార్త్, సహ చిత్రకారులు పార్లమెంటును ఆశ్రయించగా, 1735 నాటి చట్టం ముద్రాచిత్రకారులకు 14 సంవత్సరాల హక్కు కల్పించినది.

అయితే పాఠకులు గమనించవలసిన విషయం మరొకటి కలదు. ఇదే దృశ్యాన్ని తరువాత మద్యపాత్రల మీద కూడ చిత్రించారు. చైనాలో తయారై ఐరోపాకు ఎగుమతియైన పింగాణీ పాత్రల మీద సైతం అది కనిపిస్తుంది. ఏ వ్యసనాన్ని ఎగతాళి చేయుటకు చిత్రం పుట్టినదో, ఆ వ్యసనానికే అది అలంకారమైనది! తాగేవాడు దానిని చూచి నవ్వుకున్నాడు. అందులో ఉన్నది పొరుగువాడే అనుకున్నాడు.

కావున చిత్రాన్ని చారిత్రక సాక్ష్యముగా స్వీకరించునపుడు, అందులో ఏమున్నదని మాత్రమే అడిగితే చాలదు. అది ఎవరి చేతికి చేరినది, ఏ వస్తువు మీదికి ఎక్కినది అని కూడ విచారించాలి. నవ్వించే మందలింపును జనం ఇష్టపడతారు. ఇష్టపడినంత మాత్రాన దానికి లోబడరు.