అద్దె యంత్రాల నుంచి అద్దె మేఘాల దాకా

జీతాల లెక్కలు, సరుకు నిల్వలు, ఖాతాదారుల పద్దులు: వ్యాపార సంస్థలు వీటిని ఒకప్పుడు తమ ఆఫీసులో, తమ సొంత యంత్రంమీద వుంచుకునేవి. ఇప్పుడు చాలా సంస్థలు వాటిని యింకొకరి యంత్రాలమీద వుంచి నెలనెలా అద్దె కడుతున్నాయి. దీన్ని క్లౌడ్ అంటున్నారు. ఇంజనీర్లు కంప్యూటర్ల మధ్య సంబంధాలను పటంగా గీసేటప్పుడు, లోపలి వివరం చూపనక్కరలేని భాగాన్ని మేఘం బొమ్మ వేసి వదిలేవారు. ఆ బొమ్మే పేరైంది. 2006 ఆగస్టులో గూగుల్ అధిపతి ఎరిక్ ష్మిట్ ఒక సభలో వాడినప్పటినుంచి వ్యాపారలోకంలో అది వ్యాపించింది. లోపలి వివరం వదిలెయ్యడం పటం గీసేవాడికి చెల్లుతుంది. చరిత్ర రాసేవాడికి చెల్లదు.

యీ మార్పును కొత్త శతాబ్దపు అద్భుతంగా వర్ణించడం పరిపాటి అయింది. నాకు మాత్రం యిందులో పాత అద్దె పద్ధతి తిరిగి రావడమే ఎక్కువగా కనిపిస్తుంది. 1950 ప్రాంతాల్లో ఐ.బి.ఎం. కంపెనీ తన యంత్రాలను అమ్మేది కాదు, అద్దెకు మాత్రమే యిచ్చేది. 1956లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన దావా ఒప్పందంగా ముగిసినప్పుడు గాని అమ్మకానికి అంగీకరించలేదు. ఒకరి లెక్కలు మరొకరు చేసిపెట్టే వ్యాపారం అంతకన్నా ముందే మొదలైంది. ఇప్పుడు ఏ.డి.పి.గా అందరికీ తెలిసిన సంస్థ 1949లో న్యూజెర్సీలోని పాటర్సన్ పట్టణంలో పుట్టింది. యితర కంపెనీల ఉద్యోగుల జీతాల లెక్కలు చేసిపెట్టడమే దాని పని.

1961లో ఎం.ఐ.టి. విద్యాసంస్థ శతజయంతి సందర్భంగా జాన్ మెకార్తీ ఒక ప్రసంగం చేశాడు. టెలిఫోను వ్యవస్థలాగే గణనశక్తి కూడా ఒకనాటికి ప్రజోపయోగ సేవగా ఏర్పడవచ్చునన్నాడు. ఆ ఏడాది నవంబరులోనే, అక్కడే, కొర్బాటో బృందం ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకునే పద్ధతిని ప్రదర్శించింది. కొద్ది ఏళ్లలో జనరల్ ఎలక్ట్రిక్ వంటి కంపెనీలు టెలిఫోను తీగలమీద కంప్యూటరు కాలాన్ని అమ్మసాగాయి. మెకార్తీ పోలికను క్లౌడ్ వ్యాపారులు తరచు తలచుకుంటారు. ఐతే ఆ పోలికలో సగమే తీసుకుంటారు. ఆనాటి అమెరికా టెలిఫోను ప్రైవేటు కంపెనీదే అయినా, దాని రేట్లమీద ప్రభుత్వ నియంత్రణ వుండేది. మన దేశంలో 1948 విద్యుచ్ఛక్తి చట్టం రాష్ట్రాల బోర్డులకు దారితీసింది. క్లౌడ్ రేటును నిర్ణయించే కమిషను ఏదీ లేదు.

అద్దె రాజకీయం మన దేశానికి కొత్త కాదు. ఐ.బి.ఎం. యిక్కడ పాతబడిన 1401 యంత్రాలను మరమ్మతు చేసి అద్దెకిచ్చేది. 1973 విదేశమారక చట్టం ప్రకారం వాటా తగ్గించుకోవడానికి ఒప్పుకోక, 1978లో దేశం విడిచి వెళ్ళింది. ఆ యంత్రాల సంరక్షణ ప్రభుత్వరంగపు సి.ఎం.సి. చేతికి వచ్చింది. హైదరాబాదులో 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. అప్పటికే టి.డి.సి. కంప్యూటర్లను తయారుచేస్తున్నది. 1960ల మధ్యలో జీవితబీమా ఉద్యోగులు కంప్యూటరును అడ్డుకున్నప్పుడు అడిగిన ప్రశ్న ఉద్యోగాలను గురించి. యంత్రం ఎవరి అధీనంలో వుండాలన్న రెండో ప్రశ్న విదేశమారక చట్టంతో వచ్చింది. మొదటి ప్రశ్నను వెక్కిరించేవారు రెండోదాన్ని గుర్తుంచుకోరు.

అద్దెకూ అద్దెకూ మధ్య కొనుగోలు యుగం ఒకటి నడిచింది. 1969లో ఐ.బి.ఎం. యంత్రంనుంచి ప్రోగ్రాములను విడదీసి వేరే ధర పెట్టనున్నట్టు ప్రకటించడంతో సాఫ్ట్‌వేరు ఒక సరుకుగా నిలబడటానికి దారి ఏర్పడింది. 1972లో జర్మనీలో ఐదుగురు మాజీ ఐ.బి.ఎం. ఇంజనీర్లు శాప్ సంస్థను ప్రారంభించారు. 1992లో వచ్చిన దాని ఆర్-3 పెద్ద కంపెనీల ఖాతాలనూ, కర్మాగారాలనూ, గిడ్డంగులనూ ఒకే తాటికి తెచ్చింది. కంపెనీ యంత్రం కొనాలి, లైసెన్సు కొనాలి, వాటిని నడపటానికి మనుషులను పెట్టుకోవాలి. ఆ మనుషుల్లో మనవాళ్లెందరో వున్నారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ శాప్, ఒరాకిల్ నేర్పే బోర్డులు వెలసింది యీ గిరాకీతోనే. ఇప్పుడక్కడ సేల్స్‌ఫోర్స్, అజూర్ బోర్డులు చూస్తున్నాం. ఆ యుగం స్వర్ణయుగమని నేననను. చిన్న కంపెనీకి ఆ ఖర్చు అందేది కాదు. పెద్ద కంపెనీలో కూడా ప్రోగ్రాము నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టేది.

యీ అసంతృప్తిమీదే సేల్స్‌ఫోర్స్ పుట్టింది. ఒరాకిల్‌లో పెద్ద ఉద్యోగం చేసిన మార్క్ బెనియాఫ్ మరి ముగ్గురితో కలిసి 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని ప్రారంభించాడు. ప్రోగ్రాము కొననక్కరలేదు, ఇంటర్నెట్‌లో వాడుకుని మనిషికింతని నెలకు చెల్లించమన్నాడు. 2000లో పోటీసంస్థ సీబెల్ తన ఖాతాదారుల సభ జరుపుతూవుంటే, బెనియాఫ్ కూలికి నటులను పిలిపించి, సాఫ్ట్‌వేరు నశించాలని ప్లకార్డులు పట్టించి, బయట నకిలీ ప్రదర్శన చేయించాడు. కార్మికుల పోరాటరూపాన్ని ప్రకటన కోసం కిరాయికి తెచ్చుకున్న యీ ఘట్టాన్ని వ్యాపార చరిత్రకారులు చమత్కారంగా చెప్పి వదిలేస్తారు. తిరుగుబాటుకు పెట్టుబడి పెట్టినవారిలో ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ వున్నాడు. 1998లో పుట్టిన నెట్‌సూట్ వెనకా ఆయన డబ్బే వుంది. ఒరాకిల్ 2005లో సీబెల్‌ను కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2016లో నెట్‌సూట్‌ను కూడా కొనేసింది.

సేల్స్‌ఫోర్స్ సాంకేతిక పద్ధతిని గమనించండి. ఒకే ప్రోగ్రాము, ఒకే యంత్రసముదాయం. వాటిలో వేలాది కంపెనీల పద్దులు గదులు వేరుచేసినట్టు విడివిడిగా వుంటాయి. ఒక్కొక్క కంపెనీని ఆ వృత్తిలో టెనెంట్ అంటారు. మన భాషలో కౌలుదారు. యీ మాట విమర్శకులు అంటగట్టింది కాదు, ఇంజనీర్లు పెట్టుకున్నదే.

2006లో అమెజాన్ ఒక మెట్టు కిందికి దిగి, ప్రోగ్రామును కాక యంత్రాన్నే అద్దెకిచ్చింది. మార్చిలో నిల్వ స్థలం గిగాబైటుకు నెలకు 15 సెంట్లు. ఆగస్టులో యంత్రం గంటకు 10 సెంట్లు. పండుగ అమ్మకాల తర్వాత మిగిలిన యంత్రాలను యిలా వాడుకున్నారనే కథ ప్రచారంలో వుంది. ఆ సంస్థ సాంకేతికాధికారి వెర్నర్ వోగెల్స్ స్వయంగా దాన్ని కాదన్నాడు. మేలు మాత్రం కల్పితం కాదు. పెట్టుబడి లేని యిద్దరు కుర్రాళ్లు ఒక గదిలో కూచుని కంపెనీ మొదలుపెట్టగలిగారు. ఆ చిల్లర సెంట్లు కూడి యేమయ్యాయో కూడా చూడాలి. 2024లో అమెజాన్ మొత్తం నిర్వహణ లాభం సుమారు 6,860 కోట్ల డాలర్లు. అందులో 3,980 కోట్లు యీ అద్దె వ్యాపారానివి. అమ్మకాల్లో దాని వంతు ఆరోవంతు మాత్రమే.

ఆ తర్వాత పాత అమ్మకందార్లు కూడా అద్దెకు మళ్లారు. మైక్రోసాఫ్ట్ 2011లో ఆఫీస్ 365 తెచ్చింది. 2013లో ఎడోబీ తన కొత్త ప్రోగ్రాములను శాశ్వత లైసెన్సుమీద అమ్మడం మానుకుంది. 2014 ఫిబ్రవరిలో హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యాడు. ఆయన అంతకుముందు క్లౌడ్ విభాగాన్నే నడిపాడు. తెలుగు పత్రికలు పుట్టినవూరిని గురించి రాసినంత, యీ విభాగాన్ని గురించి రాయలేదు. 2023లో శాప్ తన సరికొత్త సదుపాయాలు క్లౌడ్ ఖాతాదారులకే అంటే, సొంత యంత్రాలమీద లైసెన్సులు కొనుక్కున్న జర్మన్ వాడకందార్ల సంఘం బాహాటంగా నిరసన తెలిపింది. పాత ప్రోగ్రాముకు సాధారణ సంరక్షణ 2027తో ముగుస్తుంది. అంటే కొనుక్కున్నవాడు కూడా కౌలుకు రావలసిందే.

కౌలుదారు ఖాళీ చేసిపోవడం ఎంత కష్టమో ఒక ఉదాహరణ. పద్దులు లోపలికి తీసుకురావడం ఉచితం. బయటికి తీసుకుపోవాలంటే బరువునుబట్టి రుసుం. యూరపులో కొత్త చట్టం వస్తున్న వేళ, 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ వరసగా పూర్తిగా వెళ్లిపోయేవారికి యీ రుసుం రద్దుచేశాయి. కొంత భాగాన్ని మాత్రం తరలించుకునేవారికి చాలాచోట్ల అది మిగిలేవుంది.

2025 జులైలో మన దేశంలోనే యింకా పెద్ద ఘటన జరిగింది. గుజరాత్‌లోని వాడినార్‌లో చమురుశుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీలో రష్యా సంస్థ రాస్‌నెఫ్ట్‌కు 49 శాతం పైగా వాటా వుంది. యూరోపియన్ యూనియన్ దానిమీద ఆంక్షలు ప్రకటించింది. వెంటనే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీ ఉద్యోగుల ఉత్తరప్రత్యుత్తరాలనూ, కలిసి పనిచేసే సాధనాలనూ నిలిపేసింది. డబ్బు చెల్లించిన సేవలివి అని నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. కొద్దిరోజుల్లో సేవలు తిరిగి వచ్చాయి. నయారాపై నాకు జాలేమీ లేదు, అది బీద కంపెనీ కాదు. కాని యూరపు వేసిన ఆంక్షకు, అమెరికా కంపెనీ, భారత భూమిమీద, భారత చట్టం ఏదీ అడగకుండానే తాళం వేసింది. ఒక శుద్ధి కర్మాగారానికి జరిగింది ఒక విద్యుత్ సంస్థకో, ఆసుపత్రికో జరిగితే కోర్టు తేదీ దాకా ఆగే వ్యవధి వుంటుందా?

యంత్రాలు మన నేలమీదే వుంటే యీ ప్రమాదం వుండదని కొందరంటారు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదు కేంద్రాన్ని తెరిచింది. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. నేల మనది, నీరూ కరెంటూ మనవి. కట్టడం నడిచేటప్పుడు దానిలో పనిచేసేవారు, కట్టేటప్పుడు పనిచేసినవారితో పోలిస్తే కొద్దిమందే. నయారా సేవలు నిలిచింది యంత్రం దూరంగా వుండటంవల్ల కాదు, దాన్ని నడిపించే అధికారం యింకొకరి చేతిలో వుండటంవల్ల.

ప్రభుత్వానికి యీ సంగతి తెలియదనలేం. 2014 ఫిబ్రవరిలో కేంద్రం మేఘరాజ్ పేరుతో జాతీయ క్లౌడ్‌ను ప్రారంభించింది. అది కొంతవరకు ప్రభుత్వరంగంలోనే పెరిగింది. తర్వాత ప్రైవేటు కంపెనీలను పరీక్షించి ఆమోదిత జాబితాలో చేర్చుకుని, ప్రభుత్వశాఖలు వాటినుంచి సేవలు తీసుకునే పద్ధతి పెట్టారు. 2017లో అమెజాన్ ఆ జాబితాలో చేరింది.