చక్రాల యింటిలో వెచ్చదనము

శీతల దేశములలో ఇల్లు కట్టుకొనుట ఒక పని. దానిని వెచ్చగా నుంచుకొనుట మరియొక పని. ఆ ఇంటికి చక్రములు తగిలించి రోడ్డుమీదికి తెచ్చినప్పుడు ఈ రెండవ పని మరింత చిక్కైనది. గది చిన్నది, గోడలు పలుచనివి, నిప్పునకును పడకకును నడుమ బారెడు దూరమైనను ఉండదు. మంటకు గాలి కావలెను. నిద్రించు మనుష్యునకును గాలి కావలెను. ఇద్దరును ఒకే గదిలోని గాలిని పంచుకొన్నచో ఏమగును? మోటారు ఇండ్లలోని తాపన పద్ధతులు మారుతూ వచ్చిన చరిత్ర చాలవరకు ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన చరిత్రయే.

పొయ్యి వెంట ప్రయాణము

19వ శతాబ్దములో బ్రిటనులోని రోమా జాతివారు గుఱ్ఱపు బండ్లనే నివాసములుగా చేసికొని ఊరూర తిరిగెడివారు. ఆ బండిలో ఒక మూల చిన్న పోత ఇనుప పొయ్యియు, పైకప్పును దాటి పోవు పొగగొట్టమును ఉండెడివి. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అను నౌకాదళ వైద్యుడు బ్రిస్టలు నగరములోని బండ్ల కర్మాగారమున ‘వాండరర్’ అను రెండు గుఱ్ఱముల ఇంటిబండిని చేయించుకొని దేశాటనమునకు బయలుదేరెను. వినోదయాత్రకై ప్రత్యేకముగా నిర్మింపబడిన తొలి ఇంటిబండిగా దానిని చెప్పుదురు.

పొగగొట్టము పనిచేయుటకు ఒక నియమము కలదు. గొట్టములోని గాలి వేడెక్కి తేలికయై పైకి పోవును. దాని స్థానమున గదిలోని గాలి పొయ్యిలోనికి ప్రవేశించును. నిప్పు బాగుగా మండుచున్నంతసేపు ఈ ప్రవాహము సాగును. రాత్రి నిప్పు సన్నగిల్లి గొట్టము చల్లబడగానే ప్రవాహము మందగించును. అప్పటికి ఇంటివారందరు నిద్రలో నుందురు. కాలీకాలని బొగ్గునుండి పుట్టు వాయువు గదిలోనికే తిరిగి వచ్చు ప్రమాదము అప్పుడే ఎక్కువ.

ఆ కాలమున రైలు పెట్టెలలో గూడ పొయ్యిలే ఉండెడివి. 1876 డిసెంబరు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఆష్టబ్యూలా వద్ద, మంచు కురియుచున్న రాత్రి, వంతెన కూలి రైలు లోయలో పడెను. కొయ్య పెట్టెలకు నిప్పంటుకొన్నది. పొయ్యిలును, నూనె దీపములును ఆ మంటలకు కారణమైనవి. సుమారు 92 మంది మరణించిరి. ఇట్టి ప్రమాదముల తరువాత రైళ్లలో పొయ్యిలను తొలగించి, ఇంజనులోని ఆవిరిని గొట్టముల ద్వారా పెట్టెలకు పంపు పద్ధతి 1880 దశకము చివర నుండి వ్యాపించెను. నిప్పు ఒకచోట, ప్రయాణికులు వేరొకచోట ఉండవలెనను భావము ఈ విధముగా స్థిరపడెను.

కంటికి కనబడని శత్రువు

బొగ్గు పూర్తిగా మండినచో బొగ్గుపులుసు వాయువు జనించును. ప్రాణవాయువు చాలనిచో దానితోబాటు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినుతో ఇది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన ఆసక్తితో కలియును. కావున గాలిలో ఇది కొద్దిగా నున్నను రక్తము క్రమముగా ప్రాణవాయువును మోయలేని స్థితికి వచ్చును. 19వ శతాబ్దము నడుమ క్లాడ్ బెర్నార్డు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ చర్యను గుర్తించెను. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేను ఆ వాయువును తానే పీల్చి, దాని ప్రభావమును కొలిచి, 1895లో ఫలితములను ప్రకటించెను. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించరాదని మన పెద్దలు చెప్పు మాటకు శాస్త్రీయ కారణము ఇదియే.

ఇంజను ఇచ్చిన వేడి

మోటారు బండ్లు వచ్చిన పిమ్మట వేడికి కొత్త ఆధారము దొరికెను. ఇంజనులో ఇంధనము మండగా పుట్టిన ఉష్ణములో పెద్ద భాగము వ్యర్థముగా బయటికి పోవును. దానిలో కొంత బండిలోనికి మళ్లించిన చాలును. 1950లో జర్మనీలోని వోక్స్‌వాగన్ కంపెనీ ఒక వ్యానును తయారు చేయనారంభించెను. 1951 నుండి వెస్ట్‌ఫాలియా కంపెనీ దానిలో పడకలు, బల్లలు, అరలు అమర్చెను. ఆ ఇంజను నీటితో గాక గాలితో చల్లబడునది. ఆ కంపెనీవారి తొలి బండ్లలో ఇంజను సిలిండర్లను చల్లబరచిన గాలినే కొంత లోపలికి పంపెడివారు. సందులలో నూనె కారినను, పొగ వెలువడినను ఆ గాలి దానిని మోసికొని వచ్చుటకు అవకాశముండెను. 1963 నమూనా కార్లనుండి వేడిచేయు గాలిని సిలిండర్లమీదుగా గాక వేరు మార్గమున పంపు ఏర్పాటు చేసిరి.

అయినను ఒక లోపము మిగిలెను. బండి ఆగిన పిమ్మటనే గదా అది ఇల్లగుట! ఇంజను ఆగగానే వేడియు ఆగును. అందుచేత ఇంజనుతో నిమిత్తము లేని హీటరు అవసరమయ్యెను.

గ్యాసు మంట, గోడలమీద చెమ్మ

సిలిండరులో గ్యాసు లభించుటతో కొందరు గదిలోనే బయటి మంట వెలిగించుకొనసాగిరి. దీనిలోని చిక్కును విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. 44 గ్రాముల ప్రొపేను మండుటకు 160 గ్రాముల ప్రాణవాయువు కావలెను. అప్పుడు 132 గ్రాముల బొగ్గుపులుసు వాయువును, 72 గ్రాముల నీటి ఆవిరియు జనించును. అనగా ఒక కిలోగ్రాము గ్యాసు మండిన 1,600 గ్రాములకు పైగా నీరు గదిలో చేరును. ఆ ఆవిరి చల్లని గోడలపై నీరై కొయ్యను కుళ్లజేయును. వెలుగుచున్న కొవ్వొత్తికి కొంచెము పైగా చల్లని గాజు గ్లాసును బోర్లించి పట్టి, దాని లోపల చెమ్మ ఏర్పడుటను ఉపాధ్యాయులు తరగతిలో చూపవచ్చును.

గ్యాసు ఎంపికలోను మెళకువ కలదు. సాధారణ పీడనమున బ్యూటేను మైనస్ 0.5 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద మరుగును. ప్రొపేను మైనస్ 42 డిగ్రీల వద్ద మరుగును. మంచు కురియు రాత్రి బయటనున్న బ్యూటేను సిలిండరు నిండుగా నున్నను పొయ్యికి గ్యాసు రాదు. కనుకనే చలికాలపు ప్రయాణమునకు ప్రొపేనును వాడుదురు.

మంటకు వేరు గది

ఈ చిక్కులన్నిటికి సమాధానము మంటను మూసిన పెట్టెలో నుంచుట. ఆ పెట్టె నేల క్రిందనుండి బయటి గాలిని తీసికొనును. కాలిన వాయువును వేరొక గొట్టము ద్వారా బయటికే విడుచును. గదిలోని గాలి పెట్టె వెలుపలి లోహపు రెక్కలను తాకి వేడెక్కును. వేడి మాత్రము గోడను దాటును, వాయువు దాటదు. జర్మనీలో ఫిలిప్ క్రైస్ 1949లో స్థాపించిన ట్రూమా కంపెనీ 1961లో ఇట్టి గ్యాసు హీటరుకు ప్రభుత్వాధికారుల ఆమోదమును సంపాదించెను. పెట్రోలుతోను, డీసెలుతోను నడచు హీటర్లును ఇదే సూత్రముపై వచ్చినవి. ఒక లీటరు డీసెలులో సుమారు 10 కిలోవాట్ గంటల ఉష్ణము కలదు. కావున రెండు కిలోవాట్ల వేడికి గంటకు లీటరులో అయిదవ వంతుకు కొంచెము పైగా చాలును.

పాత బండికి కొత్త హీటరు

పాత మోటారు ఇంటిని కొన్నవారు హీటరును మార్చునపుడు ఈ చరిత్ర అంతయు ఉపయోగపడును. మంటను, గదిని వేరుచేయు ఆ లోహపు గోడయే ప్రాణాధారము. ఏండ్ల తరబడి వేడెక్కుచు, చల్లారుచు నుండుటచే అది తుప్పుపట్టి పగులవచ్చును. అందుచేతనే ట్రూమా గ్యాసు హీటర్లలో ఆ భాగమును, పొగగొట్టమును 30 సంవత్సరములకు మార్చవలెనని నియమము కలదు. హీటరు ఇంకను వెలుగుచున్నది గదా యని ఊరకుండరాదు. గ్యాసు పనిని అందు శిక్షణ పొందినవారిచే చేయించి, పడక దాపున కార్బన్ మోనాక్సైడును గుర్తించు గంటను అమర్చుకొనవలెను.

పెద్ద హీటరు కొనుటకు ముందు గోడలను చూడవలెను. 40 చదరపు మీటర్ల గోడలు, కప్పు, నేల కలిగిన బండిలో, బయటికంటె లోపల 20 డిగ్రీలు అధికముగా నుంచవలెననుకొందము. రెండు సెంటీమీటర్ల వట్టి కొయ్య గోడ చదరపు మీటరుకు, డిగ్రీకి సుమారు 3 వాట్లను పోగొట్టును: మొత్తము 2,400 వాట్లు. మూడు సెంటీమీటర్ల పాలిస్టైరీను నురుగు పలకలతో చేసిన గోడ సుమారు ఒక వాటునే పోగొట్టును: మొత్తము 800 వాట్లు. కిటికీలును, సందులును ఈ లెక్కలో చేరలేదు. అయినను గోడను బాగుచేసిన యింటికి మూడవ వంతు మంటయే చాలునని దీనివలన తేలుచున్నది. మంట తగ్గినకొలది ఇంధనము మిగులును. అయితే గాలి రాకపోకలకై ఉంచిన రంధ్రములను మాత్రము చలికి వెరచి మూయరాదు. లోపలివారు విడుచు ఊపిరికిని, చెమ్మకును అదియే దారి.