ఎండ చూసుకుని దిగాలి

బెజవాడలో ఇల్లు కట్టుకునేవాళ్ళు పడమటెండ తగలకుండా చూసుకుంటారు. రోహిణీ కార్తె సంగతి తెలిసినవాళ్ళెవరూ వాళ్ళని తప్పు పట్టరు. చందమామ మీద దిగేవాళ్ళకి మాత్రం ఎండే కావాలి. అదీ ఎక్కడ పడితే అక్కడ దొరకదు.

ఎండ కోసం చోటు వెతుక్కోవడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మనవైపు వచ్చింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్‌సన్ దొర బందరులో మకాం వేశాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ మాత్రం జంకాడు. వానాకాలం, సముద్రపొడ్డున మబ్బు పట్టిందంటే ఇంత దూరం వచ్చిందీ వృథా! అందుకని కొండలకీ సముద్రానికీ నడుమనున్న గుంటూరు ఎంచుకున్నాడు. (అప్పట్లో గుంటూరూ కృష్ణా జిల్లాలోదే లెండి.) గ్రహణంలో సూర్యుడి అంచున లేచిన మంటల్ని పరీక్షించి, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్ళీ చూడగలిగాడు.

1879లో మరో ఫ్రెంచివాడు, ఫ్లమారియన్, చంద్రుడి ధ్రువాల దగ్గర పొద్దు గుంకని కొండకొమ్ములు ఉండవచ్చని వ్రాసి, వాటిని నిత్యకాంతి శిఖరాలన్నాడు. నవలకి పెట్టుకోదగ్గ పేరు! అంతకు ముందే 1837లో బేర్, మేడ్లర్ అనే జర్మన్లు ఈ మాట చెప్పారు. కారణం చిన్నదే. భూమి ఇరవై మూడున్నర డిగ్రీలు ఒరిగి ఉంది గనుక మనకి ఉత్తరాయణం, దక్షిణాయనం. చంద్రుడి ఒరుగు ఒకటిన్నర డిగ్రీలే. కాబట్టి ధ్రువం దగ్గర సూర్యుడు నడినెత్తికి రాడు, దిగంతం వెంబడే దొర్లుతుంటాడు. కొండకొమ్ముకి ఎండ, పక్క గోతికి కోట్ల ఏళ్ళ చీకటి. ఆ చీకట్లోనే మంచు దాగి ఉంది. తీరా ఉపగ్రహాలు పంపి కొలిస్తే నిత్యకాంతి ఎక్కడా లేదని తేలింది. షాకిల్టన్ బిలం అంచు లాంటి చోట్ల ఏడాదిలో చాలా భాగం మాత్రం ఎండ ఉంటుంది.

2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 లాండర్ దిగుతూ దిగుతూ కూలిపోయింది. మళ్ళీ పంపేటప్పుడు మనవాళ్ళు దిగే చోటుని నాలుగు కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. 2023 జూలై 14న శ్రీహరికోటలో బయల్దేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23 సాయంత్రం దిగింది. అక్కడ అప్పుడే తెల్లవారింది. కావాలని చూసుకున్న ముహూర్తమది! పలకలు ఎండతోనే కరెంటు తీస్తాయి, ఎండ ఉండేది మన లెక్కన పద్నాలుగు రోజులే.

ధ్రువం మీదే దిగినట్టు చాలామంది చెప్పుకున్నారు గానీ, అది 69 డిగ్రీల దక్షిణం; ధ్రువం ఇంకా ఆరువందల కిలోమీటర్ల పైమాటే. ఆ చోటుకి ఉత్తరంగా ఏడువందల కిలోమీటర్ల అవతల ఒక పెద్ద బిలం ఉంది. దాని పేరు జాన్సెన్. మన గుంటూరు జాన్సెనే!

సెప్టెంబరు మొదట్లో లాండర్‌నీ, రోవర్‌నీ నిద్రపుచ్చారు. ఆ రాత్రి చలికి తట్టుకునేలా వాటిని కట్టలేదు. అయినా ఆశ! అక్కడ మళ్ళీ పొద్దు పొడిచాక, 22న ఇక్కణ్ణుంచి పిలిచి చూశారు. పలకలేదు.